‘బంతి అను’ అనడం మానేశాక

పిల్లవాడికి మాటలు ఆలస్యమవుతుంటే మొదట చెవి పరీక్ష చేయించండి. "కుక్కర్ విజిల్‌కి తిరిగి చూస్తాడండీ, చెవులు బాగానే ఉన్నాయి" అంటారు చాలామంది. విజిల్ వినపడినంత మాత్రాన మాటలోని ‘స’, ‘త’ తేడా తెలుస్తుందని కాదు. డాక్టరు రాసిన బెరా, ఓఏఈ (లోపలి చెవి, వినికిడి నరం శబ్దానికి ఎలా స్పందిస్తున్నాయో చూసేవి) పరీక్షలు అయ్యాకే మాట సంగతి. రెండేళ్లు నిండినా "అమ్మా రా" లాగా రెండు మాటలు కలపకపోతే, "మగపిల్లలకి ఆలస్యమేలే" అని ఊరుకోకండి.

నేను స్పీచ్ థెరపీలోకి వచ్చిన తొంభైల్లో మా గదిలో ఉన్నవి ఒక బల్ల, బొమ్మల కార్డులు, డబ్బానిండా పిప్పరమెంట్లు. కార్డు చూపించి "బంతి అను" అనేదాన్ని. వాడు ఆ మాట అంటే ఒక పిప్పరమెంటు ఇచ్చేదాన్ని. 1960లలో అమెరికాలో పుట్టిన ప్రవర్తనా పద్ధతి అది. పిల్లవాడు నా ముందు ఇరవై పేర్లు చెప్పేవాడు, ఇంటికెళ్లి బంతి కావాలంటే మళ్లీ వేలే చూపించేవాడు. తల్లి బయట బెంచీ మీద కూర్చుని ఉండేది. ఆమెని లోపలికి పిలవనందుకు ఇప్పటికీ బాధపడతాను. అప్పటికే, 1975 నుంచే, కెనడాలో హానెన్ ప్రోగ్రాం, పిల్లలతో ఎలా మాట్లాడాలో తల్లిదండ్రులకే నేర్పుతోంది మరి.

ఇప్పుడు నేను చెప్పేది ఇదీ. వాడు దేన్ని చూస్తున్నాడో దాని గురించే, వాడి కళ్లకి ఎదురుగా కూర్చుని మాట్లాడండి. మొన్న ఒక నాలుగేళ్ల బాబు, నాన్నమ్మ బఠాణీలు ఒలుస్తుంటే గుప్పెడు తీసి "అమ్మ ఇయ్యి" అన్నాడు. వాడు అమ్మకి ఇద్దామనుకున్నాడు. "తప్పు, అమ్మకి అను" అనకూడదు. "అమ్మకి ఇస్తావా? ఇదిగో, అమ్మకి ఇచ్చావు! ఇప్పుడు తాతకి ఇద్దామా?" ఆ ‘కి’ దగ్గర కాస్త ఒత్తి పలకండి, తిరిగి అనమని అడగొద్దు. ఆ నాన్నమ్మ రోజూ వంటింట్లో అలాగే చేసింది. మూడో వారంలో గిన్నె పట్టుకొచ్చి "తాతకి" అన్నాడు, ఎవరూ అడక్కుండా.

"తాతకి ఇద్దామా?" లాంటిది అడిగాక ఆగండి. మనసులో ఐదు లెక్కపెట్టండి. పెద్దవాళ్లకి అన్నిటికన్నా కష్టమైన పని ఇదే.

"ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి, రెండు భాషలైతే తికమక పడతాడు" అనే పాత సలహా వదిలేయండి. రెండు భాషలు వినడం వల్ల భాషాలోపం రాదు. హైదరాబాదులో ఉన్నా డల్లాస్‌లో ఉన్నా, మీకు ధారాళంగా వచ్చిన భాషలోనే మాట్లాడండి. నాన్నమ్మ తెలుగుని వాడికి దూరం చేయకండి.

ఈ మాట ఇబ్బంది మీ పెంపకం వల్ల వచ్చిందేమో అని కుమిలిపోకండి. అమెరికా, ఇంగ్లండ్ అధ్యయనాల లెక్కన ముప్పైమంది ఉన్న తరగతిలో ఇద్దరికి భాష నేర్చుకోవడంలో ఇలాంటి ఇబ్బంది ఉంటుంది. 2017 నుంచి దీన్ని డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్ (ఎదుగుదలలో కనిపించే భాషాలోపం) అంటున్నాం.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. తారీఖు వేసి వాడన్నది అన్నట్టే రాయండి, "అమ్మ ఇయ్యి" అంటే అలాగే, సరిదిద్దకుండా. థెరపీకి వచ్చేటప్పుడు అది పట్టుకురండి. నేను ముందు చూసేది అదే.