ప్లాంటు మూసేశాక ఏంటి? అర్జీ ఇట్లా రాయండి

పులివెందులలో అర్జీలు రాసిపెట్టడం నా పని. వేముల మండలం నుంచి వచ్చేవాళ్లు ఉద్యోగం కోసమో, నష్టపరిహారం కోసమో రాయమంటారు. తుమ్మలపల్లె యురేనియం ప్లాంటు ఎప్పటికైనా మూతపడేదే కదా, అప్పుడు కె.కె. కొట్టాల దగ్గరున్న, ప్లాంటు వదిలే బురదను నిల్వ చేసే టెయిలింగ్ పాండ్‌ను ఎవరు చూస్తారని మాత్రం ఎవరూ రాయించరు.

అడగాల్సింది అదే. అక్కడి టన్ను రాయిలో యురేనియం అర కిలో కూడా ఉండదు. అది తీసేశాక మిగిలిన బురద పాండ్‌లోకి పోతుంది. దాంట్లోని రేడియం అనే రేడియోధార్మిక పదార్థం సగానికి తగ్గాలంటేనే కనీసం 1,600 ఏళ్లు పడుతుంది.

ముందు మీ బోరు నీళ్లు పరీక్ష చేయించండి. మామూలు పరీక్షలో ఉప్పు, ఫ్లోరైడ్ లాంటివి చూసి వదిలేస్తారు, అందుకే యురేనియం కూడా చూడమని విడిగా చెప్పాలి. తాగే నీళ్లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు. అర్జీ మొదట్లోనే సర్వే నంబరు, బోరు లోతు, పంట, నీళ్లు తీసిన తేదీ రాసి, రిపోర్టు జత చేయండి. "మా బతుకులు నాశనమయ్యాయి" అని పేజీలు నింపితే చదివే గుమాస్తా ఏ ఫైల్లో పెట్టాలో తెలియక పక్కన పడేస్తాడు.

తర్వాత ప్రశ్నలు, ఒక్కో వాక్యంలో ఒక్కటే. పాండ్ మీద ఏ మట్టి, ఎంత మందాన కప్పుతారు? చుట్టూ బోర్లను ఎన్నేళ్లు పరీక్షిస్తారు? ఫలితాలు తెలుగులో పంచాయతీ ఆఫీసులో అంటిస్తారా? ఆ ఖర్చుకు డబ్బు ఇప్పుడే పక్కన పెట్టారా?

పర్యావరణ అనుమతుల మీద కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. కానీ 2025 సెప్టెంబరులో కేంద్రం అణు ఖనిజాల గనులను ఈ ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయించింది. (ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడే తీసేశారు, ఏం చెప్పాలి!) సిమెంటు ఫ్యాక్టరీకో మరో దానికో సభ పెడితే మాత్రం భోజనాలకు లేచి వెళ్లొద్దు. చివర్లో అందరూ చెప్పిన విషయాల సారాంశం తెలుగులో చదివి వినిపించాలి, కలెక్టరు గానీ ఆయన ప్రతినిధి గానీ అదే రోజు సంతకం పెట్టాలి. మీ మాట అందులో లేకపోతే అప్పుడే లేచి చెప్పండి.

సభ లేకపోయినా అర్జీకి అడ్డేమీ లేదు. సోమవారం గ్రీవెన్స్‌లో కలెక్టరుకు ఒకటిచ్చి, మీ కాపీ మీద తేదీ, ముద్ర వేయించుకోండి. కాలుష్య నియంత్రణ మండలికీ, ముంబైలోని అణుశక్తి నియంత్రణ బోర్డుకూ స్పీడ్ పోస్టులో పంపండి. నెల దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే, అర్జీ మీద ఏం చర్య తీసుకున్నారో సమాచార హక్కు కింద అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాల్సిందే. ఒక్కో ఆఫీసుకు విడిగా దరఖాస్తు పెట్టండి, ఒకరి మీద ఒకరు తోసేసే వీలుండదు.