ఏ ఓడలోంచి ఏ ఓడని తీసేయాలి: ప్లాటింగ్ ప్రోగ్రామ్‌లో వెక్టర్ తీసివేత

ఓడల సాపేక్ష చలనాన్ని, అంటే మన ఓడ నుంచి చూస్తే ఎదుటి ఓడ ఎలా కదులుతున్నట్టు కనిపిస్తుందో, నేను కాగితం మీదే నేర్చుకున్నాను, డివైడర్లూ ప్యారలల్ రూలరూ పట్టుకుని. తర్వాత అదే పనికి ప్రోగ్రామ్ రాసుకున్నప్పుడు వెక్టర్ల (దిశా స్పీడూ రెండూ చూపే బాణాల) కూడిక ఒక్కటే పెట్టాను. తీసివేత కావాలంటే కోర్సుకి (ఓడ వెళ్లే దిశకి) 180 డిగ్రీలు కలిపి కూడితే సరిపోతుందనుకున్నాను. లెక్కకి సరిపోతుంది, మనిషికి సరిపోదు. హడావుడిలో ఏ ఓడ కోర్సు తిప్పాలో తడబడతాం. అందుకే తీసివేతకి విడిగా ఒక ఫంక్షన్ ఉండాలి.

కాగితం మీద మధ్య బిందువు 'ఇ'. అక్కణ్ణుంచి మన ఓడ బాణం 'ఆర్' దాకా, ఎదుటి ఓడ బాణం 'ఎమ్' దాకా. 'ఆర్' కొన నుంచి 'ఎమ్' కొనకి గీసేదే సాపేక్ష వేగం. అంటే ఎదుటి ఓడ వేగంలోంచి మన ఓడ వేగం తీసేయాలి. ఈ వరస తప్పకూడదు.

కోర్సు ఉత్తరం నుంచి గడియారం ముల్లు తిరిగే వైపుకి కొలుస్తాం కాబట్టి తూర్పు భాగం స్పీడు × సైన్, ఉత్తర భాగం స్పీడు × కొసైన్. బడి లెక్కలకి ఇది తిరగబడి ఉంటుంది. కోణాన్ని రేడియన్లలోకి మార్చాక తూర్పులోంచి తూర్పు, ఉత్తరంలోంచి ఉత్తరం తీసేయండి. తిరిగి కోర్సు రాబట్టడానికి సీ, పైథాన్‌లలో ఎటాన్2కి (రెండు భాగాల నుంచి కోణం ఇచ్చే ఫంక్షన్) ముందు తూర్పు, తర్వాత ఉత్తరం ఇవ్వాలి. జవాబుని డిగ్రీల్లోకి మార్చాక రుణంగా ఉంటే 360 కలపండి.

ఇప్పుడు పరీక్ష. మన ఓడ కోర్సు 000, స్పీడు 12 నాట్లు (గంటకి 12 నాటికల్ మైళ్లు). ఎదుటిది 270, అదీ 12 నాట్లే. తేడా తూర్పుకి -12, ఉత్తరానికి -12. అంటే సాపేక్ష కోర్సు 225, స్పీడు దాదాపు 17 నాట్లు. ఆ ఓడ 050 బేరింగ్‌లో (మన నుంచి అది ఉన్న దిశ, ఇదీ ఉత్తరం నుంచే) 8 నాటికల్ మైళ్ల దూరంలో ఉందనుకోండి. అతి దగ్గరికి వచ్చే సమయానికి సూత్రం: స్థానం, సాపేక్ష వేగాల డాట్ లబ్ధాన్ని (తూర్పు భాగాల లబ్ధం, ఉత్తర భాగాల లబ్ధం కలిపినది) సాపేక్ష వేగం వర్గంతో భాగించి గుర్తు మార్చడం. సుమారు 28 నిమిషాలు వస్తుంది. అప్పుడు దూరం 0.7 నాటికల్ మైలు, బేరింగ్ 135. అంటే మన వెనక నుంచి దాటుతుంది.

అదే వరస తారుమారైతే? స్పీడు మారదు, అదే 17. అతి దగ్గరి దూరం కూడా అదే 0.7. సమయం మాత్రం -28 నిమిషాలు. మీదికొస్తున్న ఓడ ఎప్పుడో దాటిపోయిందని తెర చెబుతుంది. మొదటిసారి నా ప్రోగ్రామ్ ఇలాగే చెప్పింది. అంకెలన్నీ నమ్మేలా ఉండటంతో చాలాసేపు పట్టుకోలేకపోయాను. అందుకే పరీక్షలో దూరంతో పాటు సమయం గుర్తు కూడా తప్పనిసరిగా సరిచూడండి.

రెండు ఓడల కోర్సూ స్పీడూ ఒకటే అయితే తేడా సున్నా. ఎటాన్2 అప్పుడు సున్నా ఇస్తుంది, తెర మీద కోర్సు 000 అని పడుతుంది. అది నిజం కాదు, ఆ గడి ఖాళీగా వదలండి. సమయం లెక్కలో భాగహారాన్ని కూడా ముందే ఆపండి. దశాంశాల్లో చిన్న తేడా మిగులుతుంది కాబట్టి సరిగ్గా సున్నాతో పోల్చకుండా 0.01 నాట్ లాంటి హద్దు పెట్టుకోండి.

గీసేటప్పుడు తిరగేసిన బాణం చూపించకండి. 'ఆర్' కొన నుంచి 'ఎమ్' కొనకి నేరుగా గీస్తే కాగితం మీద నేర్చుకున్నవాళ్లు చూడగానే గుర్తుపడతారు. చాలా తెరల మీద నిలువు అంకెలు కిందికి పెరుగుతాయి, కాబట్టి ఉత్తర భాగం గుర్తుని గీసేచోట మాత్రమే మార్చండి, లెక్కలో కాదు.