ఫిల్టర్ పంపేశానంటోంది, ఇన్‌బాక్స్‌లో మాత్రం మెయిల్ లేదు

కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గర బండల ఫ్యాక్టరీ ఉన్న మా మామ పొద్దున్నే ఫోన్ చేశాడు. "ఏమప్పా, చెన్నై పార్టీ మొన్ననే ఆర్డర్ మెయిల్ పెట్టినానంటాడు, ఈడ చూస్తే ఏమీ లేదే!"

వాళ్ల మెయిళ్లు ముందు ఒక స్పామ్ ఫిల్టర్‌లో పడి, అక్కడి నుంచి గూగుల్ వర్క్‌స్పేస్‌కు, అంటే గూగుల్ ఆఫీసు మెయిల్‌కు వస్తాయి. మీదీ ఇలాంటి ఏర్పాటే అయితే, సెట్టింగులు కెలకకముందే ఫిల్టర్ లాగ్ (వచ్చిపోయిన మెయిళ్ల చిట్టా) తెరిచి ఆ ఒక్క మెయిల్ ఎక్కడ ఆగిందో చూడండి. లాగ్‌లో అసలు లేకపోతే మీ డొమైన్ ఎంఎక్స్ రికార్డు, అంటే మెయిళ్లు ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే నమోదు, ఫిల్టర్ వైపు ఉందో లేదో చూడాలి. క్వారంటైన్‌లో, అంటే ఫిల్టర్ అనుమానంతో పక్కన పెట్టిన వాటిలో ఉంటే విడుదల చేస్తే సరి. టూ మెనీ హాప్స్ (మరీ ఎక్కువ సర్వర్లు తిరిగింది) అని తిరిగి వెళ్తుంటే మాత్రం, ఫిల్టర్‌లో మెయిల్ ఎక్కడికి పంపాలో రాసే చోట ఎవరో మీ డొమైన్ పేరే ఇచ్చి ఉంటారు. ఫిల్టర్ ఆ డొమైన్ ఎంఎక్స్ ఏమిటని అడుగుతుంది, జవాబుగా తన పేరే వస్తుంది, ఇక పాపం తనకు తానే పంపుకుంటూ కూర్చుంటుంది. అక్కడ ఉండాల్సింది గూగుల్ మెయిల్ సర్వర్ పేరు, ఏఎస్‌పీఎంఎక్స్.ఎల్.గూగుల్.కామ్ (aspmx.l.google.com), పోర్ట్ 25.

మామ కేసు ఇవేవీ కాదు. లాగ్‌లో గూగుల్ 250 అని జవాబిచ్చింది, అంటే మెయిల్ అందుకుంది. చూస్తే స్పామ్ ఫోల్డర్‌లో ఉంది! మూడు చుక్కలు నొక్కి షో ఒరిజినల్ తెరిస్తే ఎస్‌పీఎఫ్ (పంపిన సర్వర్‌కు ఆ డొమైన్ అనుమతి ఉందా అనే తనిఖీ) ఫెయిల్, పక్కనున్న ఐపీ, అంటే సర్వర్ చిరునామా అంకె, చెన్నై వాళ్లది కాదు, మన ఫిల్టర్‌ది. గూగుల్‌నూ అనలేం, చెన్నై వాళ్లు తమ మెయిల్ ఫలానా సర్వర్ల నుంచే వస్తుందని రాసిపెట్టుకున్నారు, తెచ్చి ఇచ్చింది ఇంకెవరో.

నేనిక్కడ ఒక పూట వృథా చేశాను. మన డొమైన్ ఎస్‌పీఎఫ్‌లో ఫిల్టర్ ఐపీ చేర్చి, మళ్లీ మళ్లీ చూసుకుంటూ కూర్చున్నా. అది మనం పంపే మెయిళ్లకే, వచ్చేవాటికి దాంతో పనే లేదు.

అసలు మందు గూగుల్ వర్క్‌స్పేస్ అడ్మిన్ కన్సోల్‌లో ఉంది: యాప్స్, గూగుల్ వర్క్‌స్పేస్, జీమెయిల్, తర్వాత స్పామ్, ఫిషింగ్ అండ్ మాల్వేర్, అందులో ఇన్‌బౌండ్ గేట్‌వే. ఫిల్టర్ వాళ్లిచ్చిన ఐపీలు మొత్తం ఎక్కించి, బయటి ఐపీని దానంతటదే గుర్తించే ఆప్షన్‌కు టిక్ పెట్టండి. అప్పుడు గూగుల్ ఫిల్టర్‌ను దాటి వెనక్కి చూసి, అసలు పంపిన ఐపీతో ఎస్‌పీఎఫ్ సరిచూస్తుంది. మార్పు అమలుకు 24 గంటల దాకా పట్టొచ్చు, టెన్షన్ పడకండి. గేట్‌వే ఐపీల నుంచి రానివన్నీ తిరస్కరించే టిక్ కూడా అక్కడే ఉంటుంది, దాని జోలికి ఒక వారం పోవద్దు, ఒక్క ఐపీ మరిచిపోయినా మంచి మెయిళ్లు వెనక్కి పోతాయి. మైక్రోసాఫ్ట్ 365 అయితే ఇదే పని కనెక్టర్‌కు (ఫిల్టర్ నుంచి మెయిల్ తీసుకునే సెట్టింగ్) ఎన్‌హాన్స్‌డ్ ఫిల్టరింగ్ పెట్టి చేయాలి.

ఇంత చేసినా కొందరి మెయిళ్లు 550 5.7.26 అనే, పంపినవాళ్లు ఎవరో రుజువు కాలేదనే ఎర్రర్‌తో తిరిగి వెళ్తుంటే, ఫిల్టర్ సబ్జెక్ట్‌కు ముందు ఏదైనా తగిలిస్తోందా, కింద హెచ్చరిక అతికిస్తోందా చూడండి. అక్షరం మారినా డీకేఐఎం సంతకం, అంటే మెయిల్ దారిలో మారలేదని చూపే డిజిటల్ ముద్ర, చెల్లకుండా పోవచ్చు. ఆ తోకలు తీసేసి హెడర్‌లో (మెయిల్ పైన కనపడకుండా ఉండే సమాచారంలో) గుర్తు పెట్టమనండి.

టెస్ట్ మెయిల్ మాత్రం బయటి ఖాతా నుంచే పంపాలి. ఆఫీసులో పక్క సీటు నుంచి పంపితే అది ఫిల్టర్ గడప కూడా తొక్కదు.