మిత్రుల ఇళ్ల మీదుగా బైక్ ప్రయాణం: దారిలో వచ్చే ఇబ్బందులు, కారణాలు, పరిష్కారాలు

ఒకే ఊరికి వెళ్లి రావడం వేరు, నలుగురైదుగురు మిత్రుల ఇళ్లలో ఆగుతూ వారం పది రోజులు తిరగడం వేరు. ఆగిన ప్రతిచోటా లగేజీ దింపుతాం, మళ్లీ కడతాం. దింపినప్పటికన్నా కట్టేటప్పుడు బరువు పెరుగుతుంది. అందుకే ముందే ఒక మాట: బండిని చూసుకోవాల్సింది చేరిన సాయంత్రం, బయలుదేరే పొద్దున కాదు. పొద్దున ఇంటిల్లిపాదీ గుమ్మం ముందు నిలబడి ఉంటే చైన్ వైపు ఎవరి చూపూ పోదు.

వేగం పెరిగితే హ్యాండిల్ ఊగుతోంది

మొదట లగేజీని అనుమానించండి. బరువు వెనక చక్రం ఇరుసు దాటి వెనక్కి పోయినా, సీటు మీద ఎత్తుగా పేర్చినా ముందు చక్రం మీద భారం తగ్గి పట్టు సడలుతుంది. బయలుదేరిన రోజు బాగానే ఉన్న బండి మూడో ఇల్లు దాటాక ఊగడానికి కారణం ఇదే. ప్రతి ఇంట్లో ఏదో ఒకటి ప్రేమగా చేతిలో పెడతారు, దాన్ని మనం అన్నిటికన్నా పైన కట్టేస్తాం.

నడుస్తుండగా ఊగితే గట్టిగా బ్రేక్ వేయవద్దు, హ్యాండిల్‌ను బిగబట్టవద్దు. యాక్సిలరేటర్ మెల్లగా తగ్గించి పక్కన ఆపండి. మొత్తం విప్పి మళ్లీ కట్టండి: బరువైనవి అడుగున, మీ నడుముకు దగ్గరగా, తేలికైనవి పైన, రెండు పక్కలా సమానంగా. టైర్లలో గాలి చూడాల్సింది అవి చల్లగా ఉన్నప్పుడు. లోడుతో వెనక టైరుకు ఎంత ఉండాలో బండితో వచ్చిన మాన్యువల్‌లో వేరుగా రాసి ఉంటుంది. ఇవన్నీ సరిచేసినా ఊగుతుంటే ముందు చక్రం పైకి లేపి హ్యాండిల్‌ను నెమ్మదిగా అటూ ఇటూ తిప్పండి. మధ్యలో పట్టేసినట్టు ఉంటే హ్యాండిల్ బేరింగులు అరిగాయి. మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సిందే.

కాసేపు నడిచి ఆగిపోతుంది, కొంతసేపు ఆగాక మళ్లీ స్టార్ట్ అవుతుంది

ఒక ప్రయాణంలో దీని కోసం ప్లగ్ మార్చాను, ఎయిర్ ఫిల్టర్ దులిపాను, మిత్రుడితో గడపాల్సిన ఒక పూట పోయింది. అసలు కారణం పెట్రోల్ ట్యాంక్ మూతలోని గాలి రంధ్రం. పెట్రోల్ తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. రంధ్రం దుమ్ముతో పూడుకున్నా, ట్యాంక్ మీద కట్టిన సంచి దాన్ని మూసేసినా పెట్రోల్ ఇంజిన్‌కు సరిగా అందదు. ఈసారి ఆగినప్పుడు వెంటనే మూత తెరవండి. గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వచ్చి, బండి అప్పటికప్పుడు స్టార్ట్ అయితే తేలిపోయినట్టే. సంచి జరపండి, రంధ్రం శుభ్రం చేయండి. అంత చిన్న విషయం.

చైన్ టకటకమంటోంది

చాలా బళ్లకు చైన్ కింది వైపు మధ్యలో 25 నుంచి 35 మిల్లీమీటర్ల ఆట (పైకీ కిందికీ కదిలే వదులు) ఉండాలి. మీ బండికి ఎంతో మాన్యువల్ చెబుతుంది. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడండి. బాగా బిగించడం ఇంకా ప్రమాదం, బేరింగులు దెబ్బతింటాయి. వానలో తడిసి వచ్చిన రోజు నూనె తప్పనిసరి. చేరిన సాయంత్రం చైన్ వెచ్చగా ఉన్నప్పుడే వేస్తే తెల్లారేసరికి బాగా పడుతుంది.

ఘాట్ దిగుతుంటే బ్రేక్ మెత్తబడింది

దీనికి మాత్రం ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే ఆపాలి. లోడుతో దిగుతూ బ్రేక్ పట్టుకునే ఉంటే వేడికి బ్రేక్ ఆయిల్ మరిగి బుడగలు వస్తాయి. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు. ఏళ్ల తరబడి మార్చకుండా తేమ పీల్చుకుంటే ఆ హద్దు 155కు పడిపోవచ్చు. పూర్తిగా చల్లారాక తక్కువ గేరులో, ఇంజిన్ పట్టుతో దిగండి. ప్రయాణానికి ముందే ఆయిల్ మార్పించండి.

రెండు రోజులు ఆగాక పొద్దున స్టార్ట్ కావడం లేదు

ముందు కిల్ స్విచ్ (హ్యాండిల్ మీద ఇంజిన్‌ను ఆపే స్విచ్), సైడ్ స్టాండ్, న్యూట్రల్ చూడండి. సెల్ఫ్ నొక్కితే టక్ టక్ మని ఊరుకుంటే బ్యాటరీ దిగిపోయింది, లేదా టెర్మినల్ వదులైంది. కుదుపులకు వదులవడం మామూలే.

ప్రతి ఇంటికీ అర్ధరాత్రి చేరుతున్నాం

బండి లోపాలన్నిటికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. "ఆరింటికల్లా వచ్చేస్తాం" అంటాం. అవతల వాళ్లు తినకుండా ఎదురుచూస్తారు, ఫోన్ మోగుతూనే ఉంటుంది, ఆ టెన్షన్‌లో చీకట్లో వేగం పెంచుతాం. కారణం దూరం కాదు. "ఇంకో గంట కూర్చోరా" అన్న మాటను లెక్కలో వేయకపోవడం. అది ప్రతి ఇంటి దగ్గరా వస్తుంది, రావాలి కూడా. రోజుకు 400 కిలోమీటర్లు నడపగలిగినా 250కే ప్లాన్ చేయండి. గంట చెప్పవద్దు, "సాయంత్రం" అనండి. లైవ్ లొకేషన్ పంపి, ఆగినప్పుడు మాత్రమే ఫోన్ తీయండి. వీలైతే ఒక్కో ఇంట్లో రెండు రాత్రులు ఉండండి. మొదటి సాయంత్రం చైన్‌కు నూనె వేస్తుంటే మిత్రుడు పక్కన టార్చ్ పట్టుకుని కూర్చుంటాడు. ఏళ్లుగా ఫోన్లో కుదరని మాటలు అక్కడ మొదలవుతాయి.