రూఫ్ మార్పిస్తున్నారా, డంప్‌స్టర్ బుక్ చేసే ముందు ఇది చూస్కోండి

అమెరికాలో రూఫ్ మార్పించుకునే చాలామందికి అసలు ఈ డంప్‌స్టర్ (చెత్త వేసుకోడానికి అద్దెకి తెచ్చే పెద్ద ఇనప పెట్టె) గోలే ఉండదు, ఎందుకంటే పాత షింగిల్స్ (రూఫ్ మీద పరిచే తారు పెంకులు) పీకడం, తీస్కెళ్ళి పారెయ్యడం కాంట్రాక్టర్ కోట్‌లోనే కలిపేసి ఉంటాయి. అందుకే ఎవరికైనా ఫోన్ చేసే ముందు ఆ కోట్ ఒకసారి మొత్తం చదవండి, చెత్త తీసే ఖర్చు అందులో ఉంటే మీరు విడిగా తెప్పించక్కర్లేదు, తెప్పిస్తే ఒకే పనికి రెండుసార్లు డబ్బు కట్టినట్టు. అది లేకపోయినా, పీకే పని మీరే పెట్టుకున్నా మాత్రం కింద చెప్పేది పనికొస్తుంది.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తెప్పించే డంప్‌స్టర్‌కీ రూఫ్‌కి తెప్పించేదానికీ లెక్కే వేరు. సోఫాలు, పరుపులు అయితే చోటు ముందు నిండిపోతుంది, బరువు పెద్దగా ఉండదు. షింగిల్స్‌తో అంతా తిరగేసి ఉంటుంది, పెట్టె ఇంకా సగం ఖాళీగానే కనిపిస్తుంది కానీ బరువు లిమిట్ ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ఎందుకైనా మంచిదని 30 యార్డులది (అంటే 30 క్యూబిక్ యార్డులు పట్టే పెట్టె) తెప్పించి అంచు దాకా షింగిల్స్ నింపారనుకోండి, అది పది టన్నులు దాటిపోతుంది, లారీవాడు వచ్చి చూసి దాన్ని ఎత్తనని వెళ్ళిపోయినా మీరేం అనలేరు. రూఫ్‌కి అడగాల్సిన మొదటి ప్రశ్న ఎన్ని యార్డులు అని కాదండీ, ఎన్ని టన్నుల దాకా రేటులో కలిపి ఉంది, ఆపైన టన్నుకి ఎంత వేస్తారు అని. ఈ రెండో ముక్క అడిగేదాకా వాళ్ళు చెప్పరు.

మరి మన రూఫ్ ఎన్ని టన్నులు? లెక్క పెద్ద కష్టం కాదు. రూఫింగ్‌లో 100 చదరపు అడుగుల్ని ఒక స్క్వేర్ అంటారు. కింద నిలబడి ఇంటి పొడవు, వెడల్పు చూరుతో సహా కొలవండి, గుణించండి, తర్వాత వాలు కలపాలి. అడుగుకి 4 అంగుళాలు లేచే రూఫ్ అయితే 1.054తో, 6 అంగుళాలైతే 1.118తో, 12 అంగుళాలు లేచే బాగా నిటారు రూఫ్ అయితే 1.414తో గుణించండి. ఉదాహరణకి 1500 చదరపు అడుగులు, 6 అంగుళాల వాలు అనుకుంటే 1677 వస్తుంది, అంటే ఇంచుమించు 17 స్క్వేర్లు. పలచగా ఉండే పాత త్రీ ట్యాబ్ షింగిల్స్ స్క్వేర్‌కి 200 నుంచి 250 పౌండ్లు తూగుతాయి, మందంగా ఉండే ఆర్కిటెక్చరల్ షింగిల్స్ అయితే 300, 400 కూడా ఉంటాయి. 250 వేసుకున్నా 17 స్క్వేర్లకి 4250 పౌండ్లు, అక్కడి టన్ను 2000 పౌండ్లే కాబట్టి రెండు టన్నుల పైమాటే, ఇంక షింగిల్స్ కింద పరిచే ఫెల్ట్ పేపర్, మేకులు, ఫ్లాషింగ్ (అతుకుల దగ్గర నీళ్ళు దిగకుండా కొట్టే రేకులు) దీనికి అదనం.

ఇక్కడ అసలు మెలిక లేయర్లు. పాత ఇళ్ళలో ఉన్న షింగిల్స్ పీకకుండా పైనే ఇంకో వరస కొట్టేసిన రూఫులు బోలెడు, అలా ఉంటే పై లెక్క మొత్తం డబుల్. తెలుసుకోడానికి చూరు అంచు దగ్గర కొట్టే రేకుని (డ్రిప్ ఎడ్జ్) కొంచెం పైకెత్తి పక్కనించి చూడండి, షింగిల్ అంచులు ఎన్ని వరసలున్నాయో కనిపిస్తాయి, కాకపోతే మొదటి వరస కింద అంచున కొట్టే స్టార్టర్ పట్టీ ఒకటి మామూలుగానే ఉంటుంది, దాన్ని ఇంకో లేయర్ అనుకోకండి.

సైజు సంగతికొస్తే ఒక క్యూబిక్ యార్డులో సుమారు మూడు స్క్వేర్ల త్రీ ట్యాబ్ పడుతుంది, మందంవి అయితే రెండు, రెండున్నర. కాబట్టి ఒకే లేయర్ ఉన్న మామూలు ఇంటికి 10 యార్డులది సరిపోతుంది, రెండు లేయర్లైతేనో, కుళ్ళిన ప్లైవుడ్ కూడా మార్చాల్సి వస్తేనో 20. అనుమానంగా ఉంటే పెద్దది ఒకటి కాకుండా చిన్నది తెప్పించి, నిండాక మార్చి ఇంకోటి పెట్టమని చెప్పుకోవడమే నయం అని నా అభిప్రాయం.

పెట్టేచోటు కూడా ముందే ఆలోచించుకోవాలి, డ్రైవర్ వచ్చాక కాదు. రోల్ ఆఫ్ లారీ బెడ్ పైకి లేచి పెట్టెని వెనక్కి జారుస్తుంది, అప్పుడు ముందుగా నేలకి తగిలేవి పెట్టె వెనకవైపు ఇనప చక్రాలు, మొత్తం బరువు వాటిమీదే పడి డ్రైవ్‌వే మీద గీతలు పడతాయి, ఎండాకాలం తారు డ్రైవ్‌వే అయితే ఏకంగా గుంటలే. అందుకని చక్రాలు ఎక్కడ దిగుతాయో అడిగి అక్కడ మందపాటి చెక్కలో ప్లైవుడ్ ముక్కలో వేయించండి, దించేటప్పుడు దగ్గరుండి చూస్కోండి. పైన కరెంటు తీగలు, చెట్టు కొమ్మలు ఉండకూడదు. చూరుకి దగ్గరగా ఉంటే పైనించి నేరుగా పడేయొచ్చు, కానీ వెనక తలుపు తెరుచుకునే చోటు, కొత్త షింగిల్స్ తెచ్చే బండికి దారి, గరాజ్‌లో మీ కారు, ఈ మూడూ చూస్కోండి. రోడ్డు మీద పెట్టాలంటే చాలా ఊళ్ళలో సిటీ పర్మిట్ కావాలి, హెచ్‌ఓఏ (కాలనీలో ఇళ్ళ యజమానుల సంఘం) ఉంటే వాళ్ళకీ ఒక మాట చెప్పాలి.

వెయ్యకూడనివి: పెయింట్, సాల్వెంట్లు, సగం మిగిలిన తారు డబ్బాలు, బ్యాటరీలు. ఇల్లు బాగా పాతదైతే షింగిల్స్‌లో గానీ ఫెల్ట్‌లో గానీ ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, పీకకముందే టెస్ట్ చేయించండి, ఉందంటే దాని దారే వేరు, మామూలు డంప్‌స్టర్‌లో వెయ్యడానికి లేదు. కొన్నిచోట్ల షింగిల్స్‌ని రోడ్డు తారులో కలపడానికి తీసుకుంటారు, అలాంటి చోటుకి పంపేది అయితే ఇంట్లో చెత్త అందులో కలపకండి.

రాత్రిపూట టార్ప్ కప్పండి, వాన పడితే తడిసిన ఫెల్ట్, చెక్క బరువెక్కుతాయి, ఆ నీళ్ళకి కూడా టన్ను రేటు మీరే కడతారు. అంచు దాటి పోగు పెట్టకండి. పెట్టె తీస్కెళ్ళాక ఆ ఖాళీ చోటులో మాగ్నెట్ తిప్పి మేకులు ఏరించండి, బిల్లులో అదనపు బరువు వేస్తే వెయిట్ టికెట్ (తూకం చీటీ) కాపీ పంపమని అడగండి, మీరు వేసిన లెక్కకీ దానికీ బాగా తేడా ఉంటే అప్పుడు మాట్లాడొచ్చు.