బ్రూనై రేవులో ఒక్క పగలు: బరంపురం వైపు నుంచి వెళ్లేవాళ్లకు

సింగపూరు నుంచి బయల్దేరే క్రూయిజ్ షిప్పుల్లో కొన్ని బోర్నియో దీవి వైపు వెళ్లేటప్పుడు బ్రూనైలో ఒక పగలు ఆగుతాయి. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ నుంచి ఈ టికెట్లు కొంటున్నవాళ్లు సింగపూరు గురించి అన్నీ కనుక్కుంటారు, బ్రూనై సంగతి దిగాక చూసుకుందాం అనుకుంటారు. ముందే కనుక్కోవాల్సింది బ్రూనై గురించే. టూరిస్టులు రోజూ వచ్చిపోయే రేవుల్లో దిగగానే టాక్సీలు, గైడ్లు ఎదురొస్తారు. ఇక్కడ అలా ఉండదు.

బ్రూనై మొత్తం విస్తీర్ణం 5,765 చదరపు కిలోమీటర్లు. మన గంజాం జిల్లా ఒక్కటే 8,206. జనాభా నాలుగున్నర లక్షల పైచిలుకు. పెట్రోలు చవక, దాదాపు ఇంటింటికీ కారు. అందుకే అక్కడ టాక్సీ అనేది పెద్ద వ్యాపారం కాలేదు, దేశం మొత్తం మీద ఉన్నవే కొద్ది. అలాంటి చోట రెండు మూడు వేల మంది ఒకేసారి షిప్పు దిగితే బండి ముందే మాట్లాడుకున్నవాళ్లు ఊరు చూస్తారు, మిగతావాళ్లు రేవు గేటు దగ్గర ఎండలో నిలబడతారు. సింగపూరులో టాక్సీ పిలుచుకునే గ్రాబ్ యాప్ కూడా ఈ దేశంలో పనిచేయదు. డార్ట్ అనే స్థానిక యాప్ ఉంది, షిప్పు వచ్చిన పూట దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి.

కాగితాలు

గోపాలపూర్ నుంచి రంగం (రంగూన్) ఓడలు నడిచిన రోజుల్లో, 1937 దాకా, బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో భాగమే. ఓడ ఎక్కినా అదే సర్కారు, దిగినా అదే సర్కారు. ఇప్పుడు ఒక్క వారం ప్రయాణంలో మూడు దేశాల ఇమిగ్రేషన్ దాటాలి.

మొదట పేరు చూసుకోండి. మనవైపు ఇది నిజంగా ఇబ్బంది పెట్టే విషయం. ఒడిశా బడుల్లో చదివినవాళ్లకు ఇంటిపేరు వెనకాల రాస్తారు, ఆంధ్రలో చదివినవాళ్లకు ముందు రాస్తారు, చాలాసార్లు ఒక్క పొడి అక్షరంగా. ఒకే ఇంట్లో అన్నకి ఒక తీరు, తమ్ముడికి ఇంకో తీరు ఉంటుంది. రావు, పాత్రో, ఆచారి లాంటివి కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో, కొందరివి పేరు గడిలో ఉంటాయి. షిప్పు టికెట్, విమానం టికెట్, వీసా మూడింటిలోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే రావాలి. ఏజెంటుకి ఆధార్ పంపకండి, పాస్‌పోర్టు ఫొటో పేజీయే పంపండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు ఎలా నింపాలో షిప్పు కంపెనీని ముందే అడిగి, విమానం టికెట్‌లో కూడా అదే తీరు పాటించాలి. పాస్‌పోర్టుకి తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి.

సింగపూరులో షిప్పెక్కి మళ్లీ సింగపూరులోనే దిగుతారు కాబట్టి ఆ దేశంలోకి రెండుసార్లు ప్రవేశించినట్టు లెక్క. వీసా ఒక్కసారి ప్రవేశానికే వస్తే తిరుగుదారిలో చిక్కు. చేతికి రాగానే అందులో ‘మల్టిపుల్’ అని ఉందో లేదో చదవండి. దరఖాస్తు రుసుము 30 సింగపూరు డాలర్లు, వీసా రాకపోయినా వెనక్కి ఇవ్వరు. సింగపూరు చేరే తేదీకి 30 రోజుల లోపు మాత్రమే దరఖాస్తు పెట్టాలి, అంతకుముందు పెడితే పని జరగదు.

బ్రూనై వీసా సంగతి షిప్పు కంపెనీ నుంచి రాతలో తీసుకోవాలి. అడిగే తీరు ముఖ్యం: ‘భారత పాస్‌పోర్టుతో, ఈ తేదీన, ఈ షిప్పులో వచ్చి అదే రోజు వెళ్లిపోయే ప్రయాణికుడికి ఏం కావాలి?’ అని మెయిల్ పెట్టండి. ‘క్రూయిజ్‌వాళ్లకి అక్కర్లేదు’ అని ఫోన్లో చెప్పే మాట రేపు కౌంటర్ దగ్గర చెల్లదు. ఇంకొకటి: దారిలో ఉన్న ఏ దేశానికైనా వీసా తప్పనిసరి అయి అది మీ దగ్గర లేకపోతే, ‘నేను అక్కడ దిగను, గదిలోనే ఉంటాను’ అన్నా షిప్పు ఎక్కనివ్వరు. డబ్బూ తిరిగి రాదు.

సింగపూరు దాకా

విమానం విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో, కుదరకపోతే చెన్నై, కోల్‌కతాల మీదుగానో పట్టుకోవాలి. షిప్పు బయల్దేరే రోజు ఉదయానికి సింగపూరు చేరేలా టికెట్ కొనకండి. ఒక రోజు ముందే చేరాలి. అక్టోబరు, నవంబరు నెలల్లో అయితే రెండు రోజులు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను కూడా ముంచింది. తుపాను హెచ్చరిక రాగానే హౌరా–చెన్నై లైన్లో రైళ్లు ఆపేస్తారు. రైలు రద్దయింది కదా అని షిప్పు ఆగదు.

సింగపూరులో క్రూయిజ్ టెర్మినళ్లు రెండు: మెరీనా బే, హార్బర్‌ఫ్రంట్. టికెట్ మీద ఏది ఉందో చూసుకుని దానికి దగ్గర్లో బస తీసుకోండి.

డబ్బు విషయంలో పని తేలిక. 1967 నుంచి ఉన్న ఒప్పందం ప్రకారం బ్రూనై డాలరు, సింగపూరు డాలరు సమానం. సింగపూరు నోట్లు బ్రూనైలో నేరుగా తీసుకుంటారు. రెండు, ఐదు, పది డాలర్ల చిన్న నోట్లు మనిషికి ఓ నలభై యాభై డాలర్ల దాకా పెట్టుకుంటే పడవకీ బస్సుకీ సరిపోతాయి. కార్డు పెద్ద దుకాణాల్లోనే.

గంటల లెక్క

షిప్పు కాగితం మీద ‘ఉదయం 8 నుంచి సాయంత్రం 5’ అని ఉంటే తొమ్మిది గంటలు చేతిలో ఉన్నట్టు అనిపిస్తుంది. నిజానికి ఉండేది నాలుగున్నరే. ఎలాగంటే, ఎనిమిదికి షిప్పు రేవుకి కట్టాక అధికారుల తనిఖీ అయ్యి జనాన్ని వదలడానికి తొమ్మిది అవుతుంది. షిప్పు ఆగేది ముఆరా రేవులో. అది సరుకు దిగే రేవు, లోపల ఇష్టమొచ్చినట్టు నడవనివ్వరు, బస్సులో గేటు దాకా తీసుకెళ్తారు. రాజధాని బందర్ సెరి బెగవాన్ అక్కడికి 27 కిలోమీటర్ల దూరం. ఊళ్లో కాలు పెట్టేసరికి పది. ఐదుకి షిప్పు కదులుతుందంటే అందరూ ఎక్కాల్సిన సమయం నాలుగో, నాలుగున్నరో ఉంటుంది. దానికి ఒక గంట ముందే రేవు గేటు చేరాలని పెట్టుకుంటే రెండున్నరకి ఊరు వదలాలి. మధ్యాహ్నం ఉరుములతో వాన పడటం అక్కడ మామూలు, కాబట్టి ఆ గంటని తగ్గించుకోకండి.

శుక్రవారం అయితే ఇంకా తగ్గుతుంది. మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా జుమ్మా ప్రార్థన కోసం దుకాణాలు, హోటళ్లు, ఆఫీసులు దేశమంతా మూసేస్తారు. ప్రభుత్వ సెలవులు శుక్ర, ఆదివారాలు. శనివారం పనిదినం. శుక్రవారం ఆగే షిప్పు తప్ప వేరే దారి లేకపోతే మసీదుల లోపలికి వెళ్లాలన్న ఆశ వదిలేసి, భోజనం షిప్పులోనే చేసేలా చూసుకుని, ఆ పూట నదికి కేటాయించండి. రంజాన్ నెలలో పగటిపూట నలుగురిలో తినడం, తాగడం చట్టప్రకారం నేరం. మంచినీళ్లు కూడా బండిలో, ఎవరికీ కనపడకుండా తాగాలి. టికెట్ కొనే ముందు క్యాలెండర్‌లో వారమూ, రంజానూ రెండూ చూసుకోవాలి.

ఫోన్లో గడియారం దానంతటది మారేలా పెట్టి ఉంటే నడిసముద్రంలో తప్పు చూపించొచ్చు. సింగపూరు, బ్రూనై రెండూ మనకంటే రెండున్నర గంటలు ముందుంటాయి. ఒక మామూలు చేతి గడియారానికి షిప్పు సమయం పెట్టుకోండి. షిప్పు ఎక్కగానే ఫోన్‌ని విమానం మోడ్‌లో పెట్టడం మరచిపోకండి. లేకపోతే షిప్పులోని ఉపగ్రహ నెట్‌వర్క్ పట్టుకుని, ఇంటికొచ్చాక వేలల్లో బిల్లు వస్తుంది.

బండి మాట్లాడుకోవడం

నెల ముందే స్థానిక ట్రావెల్స్‌కి రాసి నాలుగు విషయాలు తేల్చుకోండి. ఎక్కించుకునేది గేటు లోపలా బయటా? వాతావరణం బాగోక షిప్పు రేవుకి రాకపోతే అడ్వాన్సు తిరిగిస్తారా? ధర బండికా మనిషికా? ఎన్ని గంటలకి రేవుకి తిరిగి చేరుస్తారు? రెండో ప్రశ్నకి సూటిగా జవాబు ఇవ్వనివాళ్లని వదిలేయండి. రేవు తప్పినప్పుడు షిప్పు కంపెనీ రేవు పన్నులు తిరిగివ్వొచ్చు, మీరు బయట కట్టిన బండి డబ్బు మాత్రం ఇవ్వదు.

షిప్పువాళ్లే అమ్మే టూరు ఖరీదెక్కువ. కానీ ఆ బస్సు ఆలస్యమైతే షిప్పు ఆగుతుంది, మీ సొంత బండి ఆలస్యమైతే ఆగదు. పెద్దవాళ్లని, మోకాళ్ల నొప్పులున్నవాళ్లని తీసుకెళ్తుంటే షిప్పు టూరే మంచిదని మా అభిప్రాయం. నలుగురైదుగురు కలిసి వెళ్తే సొంత బండి కలిసొస్తుంది. ఊదారంగు సిటీ బస్సుల్లో డాలరుకే ఊరు చేరొచ్చు, కానీ అవి సమయానికి రావు. షిప్పుకి తిరిగి వెళ్లాల్సిన రోజు వాటిని పెట్టుకోవద్దు.

ఏం చూడాలి

ఒక్కటే చూడగలిగితే కంపాంగ్ ఆయర్ చూడండి. నది మీద గుంజలు పాతి కట్టిన ఊరు. ఇళ్లు, బడులు, మసీదులు, పెట్రోలు బంకు అన్నీ నీళ్ల మీదే, ఇంటికీ ఇంటికీ మధ్య చెక్క వంతెనలు. 1521లో మెజెల్లాన్ నౌకాదళంతో వచ్చిన ఇటలీ యాత్రికుడు పిగాఫెట్టా ఈ నీటి ఊరి గురించి రాశాడు. అంటే అయిదు వందల ఏళ్లుగా మనుషులు అక్కడే కాపురం ఉంటున్నారు. చిలికలో పడవెక్కి కాలీజాయి వెళ్లొచ్చే మనవాళ్లకి నీళ్ల మీద తిరగడం కొత్త కాదు, నీళ్ల మీద వీధులుండటం కొత్త. ఊరి ఒడ్డున మెట్ల దగ్గర పడవవాళ్లు చెయ్యి ఊపుతారు. అవతలి ఒడ్డుకి మనిషికి ఒక డాలరు. గంటసేపు తిప్పడానికి బేరం ఉంటుంది, ఎక్కకముందే ‘పడవ మొత్తానికి’ అని తేల్చుకోండి. ఆ గంటలో నది పైకి తీసుకెళ్లి మడ చెట్లలో పొడుగు ముక్కు కోతుల్ని చూపిస్తారు. చెక్క దారుల్లో కొన్ని పలకలు పుచ్చి ఉంటాయి, కటకటాలు అన్నిచోట్లా ఉండవు. చిన్నపిల్లల చెయ్యి వదలకండి. అవి మనుషుల ఇళ్లు, అడగకుండా లోపలికి ఫొటోలు తీయవద్దు.

నది ఒడ్డునే 1958లో పూర్తయిన ఒమర్ అలీ సైఫుద్దీన్ మసీదు బంగారు గుమ్మటంతో కనిపిస్తుంది. ఇతర మతాలవాళ్లని నమాజు లేని వేళల్లోనే లోపలికి రానిస్తారు, గురు, శుక్రవారాల్లో మామూలుగా రానివ్వరు. చెప్పులు బయట విడవాలి, పైన వేసుకునే అంగీ వాళ్లే ఇస్తారు. 29 గుమ్మటాల జామె అస్ర్ మసీదు 1994 నాటిది, దారిలో బండి ఆపి బయట నుంచి చూసినా చాలు. ఇప్పటి సుల్తాను ఆ వంశంలో 29వ వాడు, అందుకే 29.

తెంబురోంగ్ అడవిని జాబితాలోంచి తీసేయండి. 2020లో తెరిచిన 30 కిలోమీటర్ల వంతెన వల్ల దారి దగ్గరైంది నిజమే. కానీ ఆ తర్వాత పొడవాటి పడవలో ఏటికి ఎదురెళ్లాలి. నీరు తగ్గితే పడవ ఇసుకలో కూరుకుంటుంది, పెరిగితే పడవలు ఆపేస్తారు. నాలుగున్నర గంటల్లో వెళ్లి రావడం కుదరదు.

తిండి, మర్యాద

కూరల్లో రొయ్యల ముద్ద కలుస్తుంది, పైకి కనపడదు. శాకాహారులు ‘మాంసం వద్దు’ అంటే చాలదు, ‘రొయ్య, చేప కూడా వద్దు’ అని చెప్పాలి. అన్నిటికంటే నిశ్చింత ఊళ్లోని భారతీయ హోటళ్లు. మాంసాహారులకి నాసి కతోక్ ఉంది: అన్నం, వేపిన కోడిముక్క, కారం పచ్చడి కలిపిన పొట్లం. మద్యం దేశంలో ఎక్కడా అమ్మరు. మత్తుమందులకి మరణశిక్ష దాకా ఉంది, కాబట్టి నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలు వాడేవాళ్లు డాక్టరు చీటీతో పాటే పెట్టుకోవాలి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు కట్టుకోండి. చీర, సల్వార్ ఇబ్బంది లేదు. దేన్నైనా చూపించేటప్పుడు చూపుడువేలితో కాకుండా బొటనవేలితో చూపించడం అక్కడి మర్యాద.

షిప్పు తప్పితే

దిగే ముందు షిప్పువాళ్లిచ్చే ఆ రోజు కాగితంలో రేవు ఏజెంటు (షిప్పు కంపెనీ తరఫున రేవులో పనులు చూసే మనిషి) నంబరు ఉంటుంది. దాన్ని ఫోన్‌లో ఫొటో తీయడంతో ఆగకుండా చేత్తో రాసి జేబులో పెట్టుకోండి. షిప్పు కార్డు, పాస్‌పోర్టు నకలు, ఒక క్రెడిట్ కార్డు, రెండు రోజుల మందులు వెంట ఉండాలి. అసలు పాస్‌పోర్టు తీసుకెళ్లాలో లేదో ముందురోజు కౌంటర్‌లో అడగండి. షిప్పు నిజంగా వెళ్లిపోతే మొదటి ఫోను ఏజెంటుకే. గదిలో పాస్‌పోర్టు దొరికితే షిప్పువాళ్లు అతని దగ్గర వదిలి వెళ్లే అలవాటుంది. తర్వాతి రేవుకి విమానంలో వెళ్లే ఖర్చు మీదే.

తిరుగుదారిలో ఒక పని మిగిలే ఉంటుంది. సింగపూరులో దిగే ప్రతిసారీ ఆన్‌లైన్‌లో నింపాల్సిన ఎస్‌జీ అరైవల్ కార్డు మొదటిసారి నింపింది రెండోసారి దిగేటప్పటికి పనికిరాదు. దిగే రోజుకి మూడు రోజుల లోపు కొత్తది నింపాలి, డబ్బు కట్టనక్కర్లేదు. షిప్పులో నెట్ ఖరీదు కాబట్టి, తేదీ ఆ మూడు రోజుల్లో పడితే, బ్రూనైలో సిగ్నల్ ఉన్నప్పుడే ఇంట్లో అందరివీ నింపేయండి.