గోడలు మూయకముందే: ఇంటి పైపుల పని ఎలా చేయించుకోవాలి

నీళ్ళు పైకెక్కించడానికి మోటారు ఉంది. వాడిన నీళ్ళు బయటికి పోవాలంటే వాలు తప్ప వేరే దిక్కు లేదు. అందుకే పైపుల ప్లాను సెప్టిక్ ట్యాంకు దగ్గర మొదలుపెట్టి, వెనక్కి బాత్రూం వైపు రావాలి. చాలా ఇళ్ళలో షవర్లు, కొళాయిలు ముందు ఎంచుకుని, మురుగు సంగతి చివర్లో మేస్త్రీకి వదిలేస్తారు. బాధంతా అక్కడే మొదలవుతుంది.

పునాది తీసే ముందే లెక్క వేయండి. 4 అంగుళాల మురుగు పైపుకి 40కి 1 వాలు ఇస్తే 10 అడుగులకు 3 అంగుళాలు దిగుతుంది. బాత్రూం నుంచి ట్యాంకు 30 అడుగులుంటే 9 అంగుళాలు. గెడ్డ (వాగు) పక్కన, చెరువు కింద, పల్లపు పొలంలో కట్టే ఇళ్ళకు వానాకాలంలో భూమిలో నీళ్ళు బాగా పైకొస్తాయి. ట్యాంకులోకి వచ్చే పైపు నోరు ఆ మట్టానికి పైనే ఉండాలి. లేకపోతే ముసురు పట్టిన రోజుల్లో కమోడులో పోసిన నీళ్ళు దిగవు. ప్లింతు, అంటే ఇంటి నేల ఎత్తు, ఇంకో అడుగు లేపుకోవాలంటే అప్పుడే. సెప్టిక్ ట్యాంకు నీళ్ళు ఇంకే గొయ్యి నూతికీ, బోరుకీ కనీసం 18 మీటర్లు, అంటే దగ్గర దగ్గర 60 అడుగుల దూరంలో ఉండాలి. కవిటి, సోంపేట, భోగాపురం వైపు ఇసుక నేలల్లో ఇంకా దూరం పెట్టండి, ఇసుకలో మురికి నీరు తొందరగా పాకుతుంది.

లెట్రిన్ పైపు ఒక్కటే సెప్టిక్ ట్యాంకులోకి వెళ్ళాలి. స్నానం నీళ్ళు, వంటింటి సింకు నీళ్ళు, కంపు వెనక్కి రాకుండా అడుగున కాసిని నీళ్ళు నిలిపే గల్లీ ట్రాప్ మీదుగా వేరేగా తీసి పెరట్లో కొబ్బరి, అరటి మొదళ్ళకు పంపండి. అన్నీ ట్యాంకులోకే వదిలితే మడ్డి కిందకి పేరుకునే వ్యవధి ఉండదు, అది నీళ్ళతోపాటు బయటికొచ్చి ఇంకుడు గొయ్యిని పూడ్చేస్తుంది. మురుగు లైను మలుపు తిరిగే చోట ఒక 90 డిగ్రీల ఎల్బో బదులు రెండు 45 బెండ్లు వేయించండి, మలుపు మలుపుకీ మూత తీసి శుభ్రం చేసే ఛాంబరు కట్టించండి. మురుగు నిలువు పైపుని డాబా పైదాకా లేపి, గాలి ఆడే టోపీ లాంటి కౌల్ తొడగాలి. ఈ గాలి పైపు లేని ఇంట్లో పై అంతస్తు ఫ్లష్ కొట్టగానే కింది ట్రాపులో ఉండే 2 అంగుళాల నీరు పీల్చుకుపోతుంది, అక్కణ్ణుంచి కంపు.

కమోడు మోడల్ ముందే ఖాయం చేసుకోండి. పైపు నేలలోకి దిగే ఎస్ ట్రాప్ రకంలో గోడ నుంచి ఆ పైపు మధ్యకి దూరం కొన్నిటికి 4 అంగుళాలు, కొన్నిటికి 9, కొన్నిటికి 12 ఉంటుంది. ఆ కొలత టైలు అతికించిన గోడ నుంచి. ఇటుక గోడ నుంచి కొలిస్తే ప్లాస్టరింగు, టైలు మందం మింగేసి కమోడు కూర్చోదు.

మంచి నీళ్ళ వైపు పని ఇంత కష్టం కాదు. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన ఐదుగురికి 675, కాబట్టి 1000 లీటర్ల ట్యాంకు సరిపోతుంది. నిండితే అది టన్ను బరువు, శ్లాబు నడిమధ్య కాకుండా గోడ లేదా బీము మీద పెట్టండి. ట్యాంకు నుంచి దిగే లైను అంగుళంన్నర లేదా అంగుళంపావు, బాత్రూంలోకి ముప్పావు, కొళాయి దగ్గర మాత్రమే అర. మొదటి నుంచీ అరంగుళం లాగితే ఒకరు కొళాయి తిప్పగానే రెండో బాత్రూంలో ధార సన్నబడుతుంది. ప్రతి బాత్రూముకీ, వంటింటికీ విడివిడిగా బాల్ వాల్వులు ఉంటే చిన్న రిపేరుకి ఇల్లంతా ఎండబెట్టక్కర్లేదు. ఉద్దానంలోనైనా మరెక్కడైనా తాగడానికి వచ్చే కొళాయి లైనుని బోరు లైనుతో ఎక్కడా కలపకండి, వాల్వు పెట్టి కూడా వద్దు.

జాయింట్లు కారేది ఎక్కువగా తొందరపాటు వల్ల. వేడి నీళ్ళకీ తట్టుకునే ప్లాస్టిక్ పైపు సీపీవీసీ; దాన్ని కట్టరుతో నిటారుగా కోసి, అంచు పొట్టు గీకి, పొడి గుడ్డతో తుడవాలి. అతికించే సొల్యూషన్ పైపుకీ, ఫిట్టింగు లోపలా పలచగా రాసి, లోపలికి నెట్టి పావు చుట్టు తిప్పి అరనిమిషం వదలకుండా పట్టుకోవాలి. వదిలేస్తే పైపు మెల్లగా వెనక్కి జారుతుంది, కంటికి తెలియదు. సీపీవీసీకి దాని సొల్యూషనే వాడాలి, పీవీసీది కాదు. డబ్బాలో జెల్లీలా గడ్డకట్టినది పారేయండి. తడి పైపు మీద అతికించనివ్వకండి. ఇత్తడి మరలకు టెఫ్లాన్ టేపు చాలు. ప్లాస్టిక్ మరని రెంచితో బలంగా బిగిస్తే ఆరోజు బాగానే ఉండి, తర్వాతెప్పుడో చీలుతుంది. వేడి నీళ్ళు ఎడమ, చన్నీళ్ళు కుడి. గోడ మిక్సరుకి రెండు పాయింట్ల మధ్య సరిగ్గా 150 మిల్లీమీటర్లు.

చివరి జాయింటు అతికి ఒక రోజు గడిచాక పరీక్ష. పాయింట్లన్నీ ప్లగ్గులతో మూసి, కింది నుంచి నీళ్ళు నింపుతూ పై పాయింటులో గాలి పోనిచ్చి, చేతి పంపుతో 10 కిలోల ప్రెషరు ఎక్కించండి. ప్రెషరు చూపే గేజి ముల్లు గంటసేపు కదలకుండా నిలవాలి. పడితే గోడ వెంట చేత్తో తడుముతూ వెళ్ళండి, చెమ్మ దొరుకుతుంది. పరీక్ష అయ్యాక గేజి తీసేయకండి. ప్రెషరు తగ్గించి టైల్సు పూర్తయ్యేదాకా ఉంచితే, ఎవరి ఉలి పైపుకి తగిలినా ఆ సాయంత్రమే తెలిసిపోతుంది. మురుగు పైపుకీ కింది నోరు మూసి నీళ్ళు నింపి మట్టం చూడండి. ఆ తర్వాత గాడి మూసే ముందు ప్రతి గోడకీ టేపు ఆనించి ఫోటో తీసుకోండి, రేపు మేకు ఎక్కడ కొట్టాలో అది చెబుతుంది.

డాబా మీద ఎండలో ఉండే సీపీవీసీ పైపుకి నీళ్ళలో కలిపే పెయింటు వేయించండి, ఆయిల్ పెయింటు దానికి పడదు. సముద్రపు గాలికి ఇనప క్లాంపులు తుప్పు పడతాయి, స్టెయిన్‌లెస్ స్టీలువి వేయండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిపోయాక శ్రీకాకుళం జిల్లాలో చాలా ఊళ్ళకు రోజుల తరబడి కరెంటు లేదు. వీలైన ఇంట్లో మోటారు బోరుతోపాటు ఒక చేతి పంపు కూడా ఉంచుకోండి. తుపాను కబురు రాగానే ట్యాంకు నిండా పట్టి తాళ్ళతో కట్టేయండి. ఖాళీ ట్యాంకుని గాలి దొర్లించుకుపోతుంది, పోతూ దానికి బిగించిన పైపులన్నీ పీక్కుపోతుంది.